తీగ లాగితే డొంకంతా: మెయిల్ స్క్రిప్టులో ఒక మెమరీ లీక్, కేస్ స్టడీ

విజయవాడ ఆటోనగర్‌లో లారీ స్పేర్ పార్ట్స్ హోల్‌సేల్ చేసే ఒక సంస్థకు నేను బయటి నుంచి ఐటీ పనులు చూసిపెడుతుంటాను. వాళ్లకు సరుకు పంపే కంపెనీలు, కొరియర్ల వాళ్లు, బీమా వాళ్లు అందరూ బిల్లుల పీడీఎఫ్‌లను ఒకే మెయిల్ అడ్రస్‌కు పంపుతారు. నెలకు రెండు వేలకు పైనే వస్తాయి. ఒక్కొక్కటీ తెరిచి, బిల్లు నంబరూ మొత్తమూ చూసి ఎక్కించడం ఒకప్పుడు అకౌంటెంట్ గారికి రోజులో సగం పని. ఆ పనికి ఏడాదిన్నర క్రితం పైథాన్‌లో ఒక స్క్రిప్టు రాసిచ్చాను. చాలాకాలం బాగానే నడిచింది. గత వేసవి నుంచి మాత్రం వారానికోసారి, ఒక్కోసారి రెండుసార్లు, చెప్పాపెట్టకుండా చచ్చిపోవడం మొదలైంది.

కారణం మెమరీ లీక్, అంటే పని అయిపోయిన మెమరీని ప్రోగ్రామ్ వదలకుండా పోగేసుకోవడం. దాని వెనుక ఉన్నది ఒకే ఒక్క లైను. అది దొరకడానికి నాకు పది రోజులు పట్టింది. ఆ పది రోజుల్లో సగం తప్పు దారుల్లోనే పోయాయి కాబట్టి వాటినీ దాచకుండా రాస్తున్నాను.

స్క్రిప్టు ఏం చేసేది

రెండు జీబీ ర్యామ్ ఉన్న ఒక చిన్న క్లౌడ్ మెషీన్. ఉబుంటు 22.04, దాంతో వచ్చే పైథాన్ 3.10. బిల్లులు ఎక్కే డేటాబేస్ కూడా అదే మెషీన్‌లో ఉంటుంది కాబట్టి స్క్రిప్టుకు నిజంగా మిగిలేది జీబీ మీద కొంచెం.

స్క్రిప్టు ఐమాప్ (మెయిల్ సర్వర్‌తో మాట్లాడే పద్ధతి) కోసం పైథాన్‌తో పాటే వచ్చే ఐమాప్‌లిబ్ మాడ్యూల్‌తో మెయిల్ సర్వర్‌కు లాగిన్ అవుతుంది. ఆ సెషన్‌ను అలాగే తెరిచి ఉంచి పది నిమిషాలకోసారి నూప్ కమాండ్ పంపుతుంది. కొత్తగా ఏమైనా వచ్చిందా అని సర్వర్‌ను పలకరించడమన్నమాట. ఏ పనీ లేని సెషన్‌ను సర్వర్ తెంచేయాలంటే కనీసం 30 నిమిషాలు ఆగాలని ఐమాప్ ప్రమాణం, అంటే 2003 నాటి ఆర్‌ఎఫ్‌సీ 3501, చెబుతుంది. పది నిమిషాల పలకరింపుతో సెషన్ బతికే ఉంటుంది. తర్వాత చదవని మెయిళ్లను వెతికి, ఒక్కోదాన్నీ పూర్తిగా దించి, అందులోని పీడీఎఫ్‌ను విప్పి, నంబరూ మొత్తమూ లాగి డేటాబేస్‌లో రాసి, అప్పుడు ఆ మెయిల్‌ను 'చదివినది'గా గుర్తు పెడుతుంది.

ఇక్కడ ఒక చిన్న విషయం కథకు ముఖ్యం. మెయిల్‌ను మామూలుగా దించితే సర్వర్ దాన్ని వెంటనే 'చదివినది' చేసేస్తుంది. పీక్ పద్ధతిలో దించితే చేయదు. నేను పీక్ వాడాను. మధ్యలో ఏదైనా తప్పు జరిగితే మెయిల్ చదవనిదిగానే ఉండి, పది నిమిషాల తర్వాత మళ్లీ ప్రయత్నానికి వస్తుందని. ఆ ఆలోచన తప్పు కాదు, ఇప్పటికీ అదే అంటాను. మామూలుగా దించి ఉంటే ఈ లీక్ ఇంతగా పెరిగేది కాదు, నిజమే. కానీ తెరుచుకోని బిల్లులు ఎవరికీ తెలియకుండా చదివిన మెయిళ్ల గుట్టలో కలిసిపోయేవి.

"ఒక్క బిల్లూ ఎక్కలేదండీ"

ప్రతిసారీ కబురు అకౌంటెంట్ గారి ఫోనుతోనే వచ్చేది. "ఏమండీ, నిన్న మధ్యాహ్నం నుంచి ఒక్క బిల్లూ ఎక్కలేదండీ. పదకొండో తారీఖు దగ్గరపడుతోంది, మీరు కాస్త చూడాలి." నెలలో మొదటి పది రోజులు ఆయనకు ఊపిరి సలపదు. అమ్మకాల జీఎస్టీఆర్-1 పదకొండో తేదీలోపు వెళ్లాలి, 14న 2బీ (కొనుగోళ్ల స్టేట్‌మెంట్) వచ్చాక కొనుగోలు బిల్లులన్నీ దాంతో సరిచూసుకోవాలి, 20కల్లా 3బీ (పన్ను కట్టే రిటర్ను) కట్టాలి. సరిగ్గా ఆ రోజుల్లోనే స్క్రిప్టు ఎక్కువగా చచ్చేది.

నేను లాగిన్ అయి చూస్తే లాగ్ ఫైల్‌లో ఏమీ ఉండేది కాదు. చివరి లైను మామూలు లైనే: ఫలానా మెయిల్ దించుతున్నాను అని. ఎర్రర్ లేదు, ట్రేస్‌బ్యాక్ (ఎర్రర్ ఏ లైన్ల మీదుగా వచ్చిందో చెప్పే జాబితా) లేదు. మాట మధ్యలో ఫోను కట్ అయినట్టు ఉంటుంది. ఇలా నిశ్శబ్దంగా పోయిందంటే ముందు చూడాల్సింది కర్నెల్, అంటే ఆపరేటింగ్ సిస్టం గుండె, రాసుకునే లాగ్. జర్నల్‌లో కర్నెల్ సందేశాలు మాత్రమే తీసి చూస్తే కనబడింది: 'అవుట్ ఆఫ్ మెమరీ, కిల్డ్ ప్రాసెస్' అని, పక్కనే మన పైథాన్ ప్రాసెస్ నంబరు, అది పట్టుకున్న మెమరీ దాదాపు 1.3 జీబీ. మెమరీ అయిపోతే కర్నెల్ ఇలా సిగ్నల్ పంపి ఒక ప్రాసెస్‌ను చంపుతుంది; ఆ సిగ్నల్‌ను ఏ ప్రోగ్రామూ ఆపలేదు, చివరి మాట రాసుకునే అవకాశం కూడా ఉండదు. లాగ్ ఖాళీగా ఉండటానికి కారణం అదే.

మొదలుపెట్టినప్పుడు స్క్రిప్టు 70 ఎంబీ దగ్గర ఉంటుంది. మిగతా 1,200 ఎంబీ ఎక్కడిది?

ఓనర్ గారు తేలిగ్గా తేల్చేశారు: "రోజూ రాత్రి రెండింటికి రీస్టార్ట్ పెట్టేస్తే పోలా?" నేను దానికి విరోధిని కాను. చాలా చోట్ల అలాగే నడుస్తున్నాయి, నేనూ పెట్టాను. కానీ ఎందుకు పెరుగుతోందో తెలియకుండా రీస్టార్ట్ పెడితే అది ఎన్ని గంటలకు సరిపోతుందో కూడా తెలియదు. ఒక వారం గడువు అడిగాను. ఆయన సరే అన్నారు. పది రోజులయింది.

పోయిన దారులు

మొదటి తప్పు కొలత దగ్గరే చేశాను. స్క్రిప్టు లోపలే మెమరీ కొలిచి లాగ్‌లో రాద్దామని రిసోర్స్ మాడ్యూల్‌లోని గెట్‌ఆర్‌యూసేజ్ వాడాను. అది ఇచ్చే అంకె ఇప్పుడు ఎంత వాడుతున్నామో కాదు, ప్రాసెస్ పుట్టినప్పటి నుంచి చేరిన గరిష్ఠం. ఆ అంకె ఎప్పటికీ తగ్గదు. ఒక పెద్ద మెయిల్ వచ్చి వెళ్లినా గ్రాఫు మీదకెక్కి అక్కడే కూర్చుంటుంది. దాన్ని చూసి ప్రతి పెద్ద మెయిలూ లీక్ అవుతోందని ఒకటిన్నర రోజు నమ్మాను. ప్రాక్ ఫైల్ సిస్టంలో ప్రాసెస్ స్టేటస్ ఫైల్ ఉంటుంది, అందులో వీఎమ్‌ఆర్‌ఎస్‌ఎస్ అనే లైను ఈ క్షణానికి ఎంత ర్యామ్ పట్టుకుని ఉన్నామో చెబుతుంది. దానికి మారాక సగం అపోహలు పోయాయి.

రెండోది గార్బేజ్ కలెక్టర్, అంటే ఎవరికీ అక్కర్లేని వస్తువులను (ఆబ్జెక్టులను) మెమరీలోంచి ఊడ్చే పైథాన్ భాగం. ప్రతి విడత చివర గార్బేజ్ కలెక్షన్‌ను బలవంతంగా పిలిచి చూశాను. తేడా లేదు. ఇది వృథా ప్రయత్నంలా కనిపించినా ఒక సంగతి మాత్రం తేలింది. ఒకదాన్నొకటి పట్టుకుని ఊగుతున్న అనాథ వస్తువులైతే కలెక్టర్ ఊడ్చేసేది. ఊడ్చలేకపోయిందంటే వాటిని బతికున్న కోడు ఏదో ఇంకా పట్టుకునే ఉంది.

మూడోది నాకు బాగా నచ్చిన అనుమానం. ఐమాప్‌లో మనం అడగకపోయినా సర్వర్ కొన్ని కబుర్లు పంపుతుంది, 'పెట్టెలో ఇప్పుడు ఇన్ని మెయిళ్లున్నాయి' వంటివి. ఐమాప్‌లిబ్ వాటిని కనెక్షన్ వస్తువులోనే ఒక డిక్షనరీలో దాచుకుంటుంది, పేరు అన్‌ట్యాగ్డ్ రెస్పాన్సెస్. వెతుకు, దించు వంటి కమాండ్లు తమకు కావలసినవి అందులోంచి తీసేసుకుంటాయి. నూప్ మాత్రం ఏదీ తీసుకోదు. కాబట్టి నూప్‌తో పలకరిస్తూ పోతే 'ఎగ్జిస్ట్స్' అనే జాబితా పెరుగుతూనే ఉంటుంది, ఫోల్డర్‌ను మళ్లీ సెలెక్ట్ చేసేదాకా. సోర్సు చదివి ఇది కనిపెట్టిన రాత్రి దొంగ దొరికాడని నిద్ర కూడా పోలేదు. పొద్దున కొలిచాను. జాబితాలో 43 ఎంట్రీలు, ఒక్కోటి 40 బైట్ల చిల్లర, మొత్తం రెండు కేబీ. కొండను తవ్వి ఎలుకను పట్టడమంటే ఇదే. (రద్దీ పెట్టె మీద ఒకే కనెక్షన్‌ను వారాల తరబడి ఉంచేవాళ్లు మాత్రం అప్పుడప్పుడు రెస్పాన్స్ మెథడ్‌తో ఆ జాబితా తీసి పారేయండి. తీస్తే అది ఖాళీ అవుతుంది.)

మెట్లు

కొలత సరిచేశాక నిమిషానికోసారి వీఎమ్‌ఆర్‌ఎస్‌ఎస్‌ను ఒక ఫైల్‌లో రాయించి, రెండు రోజుల తర్వాత గ్రాఫు గీశాను. అప్పటిదాకా నా మనసులో ఉన్న బొమ్మ ఏటవాలు గీత: కుళాయి కారినట్టు రోజంతా కొంచెం కొంచెంగా. గ్రాఫులో ఉన్నది అది కాదు.

సోమవారం పొద్దున్నుంచి సాయంత్రం ఆరు దాటేవరకు గీత నేల మీద పడుకుని ఉంది. ఆ రోజు ఎనభై తొంభై మెయిళ్లు వచ్చాయి, వెళ్లాయి. ఏమీ పెరగలేదు. 6:20కి ఒక మెట్టు. 6:30కి ఇంకో మెట్టు. పది నిమిషాలకోసారి, ఒక్కో మెట్టు ఐదారు ఎంబీ ఎత్తు, రాత్రంతా ఎక్కుతూనే ఉంది. మంగళవారం పొద్దున 10:20కి ఆగింది. తర్వాత మళ్లీ చదునే, కానీ ఎక్కిన ఎత్తు దిగలేదు. 16 గంటలు, 96 మెట్లు, 540 ఎంబీ దాకా.

పది నిమిషాలంటే మన నూప్ గడియారం. అంటే మెమరీ పెరగడానికీ వచ్చిన మెయిళ్ల సంఖ్యకూ సంబంధం లేదు. ఏదో ఒకే పని మళ్లీ మళ్లీ జరుగుతోంది. 6:20కి ఏం మెయిల్ వచ్చిందా అని చూస్తే బీమా వాళ్ల పాలసీ పీడీఎఫ్, ఒకటిన్నర ఎంబీ, పాస్‌వర్డ్‌తో తాళం వేసి ఉంది. స్క్రిప్టు దాన్ని విప్పలేక ఎక్సెప్షన్ (పని మధ్యలో తగిలే ఎర్రర్) తిని, చదవనిదిగా వదిలేసి, పది నిమిషాలకు మళ్లీ దించి, మళ్లీ విప్పలేక... 10:20కి ఎందుకు ఆగిందో అకౌంటెంట్ గారిని అడిగితే తెలిసింది. "అలాంటివి నేనే పాస్‌వర్డ్ కొట్టి చూసి చేత్తో ఎక్కించేస్తాను కదండీ, పొద్దున రాగానే." ఆయన తెరవగానే మెయిల్ 'చదివినది' అయింది, స్క్రిప్టు దాన్ని వదిలేసింది.

ఇక లెక్క కుదిరింది. సాయంత్రం వచ్చి రాత్రంతా ఇరుక్కున్న మెయిల్ ఒక్కటి ఉంటే తెల్లారి ఆఫీసు తెరిచేసరికి అర జీబీ. వారంలో ఇలాంటివి రెండు రాత్రులు తగిలితే ప్రాసెస్ ఖతం. నెల మొదట్లో బిల్లుల హడావిడిలో మూడు మెయిళ్లు ఒకే రాత్రి ఇరుక్కుంటే ఒక్క రాత్రికే 1.6 జీబీ. ఓనర్ గారి రెండింటి రీస్టార్ట్ ఆ ఒక్క రాత్రిని రెండు ముక్కలు చేసి ఎలాగో గట్టెక్కించేదేమో. నాలుగు ఇరుక్కుంటే దానివల్లా కాదు.

విఫలమైన మెయిలే కారణమని తేలింది. కానీ విఫలమైతే మెమరీ ఎందుకు మిగలాలి? ఫంక్షన్ అయిపోయాక అందులోని లోకల్ వేరియబుల్స్ (తన పని కోసం అది పెట్టుకున్న డేటా) పోవాలి కదా.

ఎవరు కేటాయించారు, ఎవరు పట్టుకున్నారు

ట్రేస్‌మాలాక్ పైథాన్ 3.4 నుంచి దాంతోనే వస్తోంది. ఏ లైను ఎంత మెమరీ అడిగిందో రాసిపెడుతుంది. ఒక సిగ్నల్ పంపితే ఆ క్షణపు స్నాప్‌షాట్‌ను ఫైల్‌లోకి దించేలా స్క్రిప్టులో పది లైన్లు కలిపాను. పరీక్ష కోసం నేనే ఒక తాళం వేసిన పీడీఎఫ్‌ను మెయిల్ చేసి, రాత్రి ఎనిమిదికొకటి, పదికొకటి స్నాప్‌షాట్ తీసి తేడా చూశాను.

రెండు గంటలంటే 12 విడతలు. తేడాల జాబితాలో పైన మూడు ఫైళ్లున్నాయి. ఐమాప్‌లిబ్‌లో 24 ఎంబీ చిల్లర, 12 బ్లాకులు. మెయిల్‌ను భాగాలుగా విడదీసే ఈమెయిల్ ప్యాకేజీలోని ఫీడ్‌పార్సర్‌లో దాదాపు అంతే. బేస్64 (పీడీఎఫ్ వంటి ఫైళ్లను అక్షరాలుగా మార్చే పద్ధతి) మాడ్యూల్‌లో 18 ఎంబీ. లెక్క అతికినట్టు సరిపోయింది. ఒకటిన్నర ఎంబీ పీడీఎఫ్ మెయిల్‌లో ప్రయాణించాలంటే బేస్64లోకి మారి మూడో వంతు ఉబ్బుతుంది, లైను మలుపులతో కలిపి రెండు ఎంబీ దాటుతుంది. సర్వర్ నుంచి వచ్చిన ముడి బైట్లు ఒక కాపీ, పార్స్ చేసిన మెసేజ్‌లో అదే పాఠం రెండో కాపీ, విప్పి తీసిన పీడీఎఫ్ మూడోది. రెండు, రెండు, ఒకటిన్నర: అదే మన ఐదున్నర ఎంబీ మెట్టు.

ఇక్కడ చాలామంది పొరబడతారు, నేనూ పడ్డాను. మూడూ స్టాండర్డ్ లైబ్రరీ ఫైళ్లే కాబట్టి 'ఐమాప్‌లిబ్‌లో లీకుంది' అనేస్తాం. మెమరీ ఎక్కడ పుట్టిందో ట్రేస్‌మాలాక్ చెబుతుంది, ఎవరు వదలకుండా పట్టుకున్నారో చెప్పదు. పుట్టిన ఆసుపత్రి పేరు తెలిస్తే పిల్లాడు ఇప్పుడు ఎవరింట్లో ఉన్నాడో తెలియదుగా.

పట్టుకున్నవాడి కోసం గార్బేజ్ కలెక్టర్ తాలూకు జీసీ మాడ్యూల్ దగ్గరకు వెళ్లాలి. ప్రాసెస్‌లో బతికున్న మెసేజ్ వస్తువులెన్ని అని లెక్కపెట్టించాను. పొద్దున 288 వచ్చింది. ఆ మెయిల్‌లో బయటి కవరు ఒకటి, రాసిన మాట ఒకటి, పీడీఎఫ్ ఒకటి కలిపి మూడు భాగాలు. 288ని మూడుతో భాగిస్తే 96. ఒక్క విఫలమైన విడతా చావలేదు.

ఇదే సమయంలో ఇంకో ఆనవాలు కనబడింది. నెట్‌వర్క్ సాకెట్ల (కనెక్షన్ల కొసల) జాబితా తీస్తే మన ప్రాసెస్ పేరు మీద మెయిల్ సర్వర్ 993 పోర్టుకు 11 పాత కనెక్షన్లు క్లోజ్-వెయిట్ స్థితిలో ఉన్నాయి. అంటే అవతలి సర్వర్ ఎప్పుడో తలుపు మూసి వెళ్లిపోయింది, మనం ఇంకా మూయలేదు. నెట్ తెగినప్పుడల్లా స్క్రిప్టు కొత్తగా లాగిన్ అయ్యేది, పాతదాన్ని ఎవరూ మూసేవాళ్లు కారు. కోడులో నేను మూయలేదన్నది నిజమే. అయితే పైథాన్‌లో వస్తువును పట్టుకున్నవాళ్లు ఎవరూ లేకపోతే అది అప్పుడే చచ్చి, పోతూ పోతూ సాకెట్‌ను మూస్తుంది. ఇన్నాళ్లూ నా నిర్లక్ష్యం ఆ సౌకర్యం వెనుక దాక్కుంది. ఇప్పుడు మెయిళ్లనే కాదు, చచ్చిన సెషన్లను కూడా ఎవరో పట్టుకున్నారు.

పరీక్ష కాపీలో ఒక మెసేజ్ వస్తువును తీసుకుని, దాన్ని ఎవరు చూపిస్తున్నారో గెట్-రెఫరర్స్‌తో అడుగుతూ పోయాను. జవాబుల్లో మన ప్రశ్న తాలూకు చెత్త కూడా వస్తుంది, దాన్ని పక్కనపెట్టడం అలవాటు కావాలి. బొమ్మగా కావాలంటే ఆబ్జ్‌గ్రాఫ్ అనే ప్యాకేజీ గీసిపెడుతుంది. వరస ఇలా వచ్చింది: మెసేజ్‌ను ఒక ఫ్రేమ్ (ఫంక్షన్ తన లోకల్స్ ఉంచుకునే చోటు) పట్టుకుంది. ఫ్రేమ్‌ను ఒక ట్రేస్‌బ్యాక్. ట్రేస్‌బ్యాక్‌ను ఒక ఎక్సెప్షన్. ఎక్సెప్షన్‌ను ఒక టపుల్ (కొన్ని విలువల కట్ట). టపుల్‌ను ఒక జాబితా. జాబితా పేరు 'ఫెయిల్యూర్స్'.

ఆ లైను రాసింది నేనే.

ఎక్సెప్షన్ వెనుక ఏముంటుంది

గత వేసవిలో అకౌంటెంట్ గారు ఒక కోరిక కోరారు. వారంలో ఏయే మెయిళ్లు విప్పలేకపోయామో శనివారం సాయంత్రం ఒక మెయిల్‌లో పంపమని. పదిహేను నిమిషాల పని. విఫలమైనప్పుడల్లా మెయిల్ నంబరు, సబ్జెక్ట్, ఎక్సెప్షన్ మూడూ కలిపి ఒక జాబితాలో చేర్చాను. శనివారం రాత్రి ఎనిమిదికి సబ్జెక్ట్‌ల వారీగా ఒకటి చొప్పున రిపోర్టు పంపి జాబితాను ఖాళీ చేస్తుంది. ఒకే మెయిల్ 96 సార్లు ఉన్నా రిపోర్టులో ఒక్కసారే కనిపించేది కాబట్టి ఎవరికీ అనుమానం రాలేదు. స్క్రిప్టు ఆదివారం ఎప్పుడూ చావకపోవడానికి కారణమూ ఇదే. ఆ సంగతి నేను ముందే గమనించి, ఆదివారం మెయిళ్లు తక్కువ కదా అని కొట్టిపారేశాను.

జాబితాలో ఎక్సెప్షన్‌ను పెట్టేటప్పుడు నా దృష్టిలో అది 'ఫైల్ డీక్రిప్ట్ కాలేదు' అనే ఒక వాక్యం. వంద బైట్లు. పైథాన్ 2లో ఎక్సెప్షన్ వస్తువుకు ట్రేస్‌బ్యాక్ తగిలి ఉండేది కాదు, కాబట్టి ఆ నమ్మకం కొంతవరకు చెల్లేది. 2008 డిసెంబరులో పైథాన్ 3.0తో అది మారింది. ప్రతి ఎక్సెప్షన్ తన ట్రేస్‌బ్యాక్‌ను తనతోనే మోస్తుంది. ట్రేస్‌బ్యాక్ అంటే తెర మీద కనిపించే అక్షరాలు కాదు. పట్టుకున్న చోటు నుంచి పేలిన చోటు దాకా ఉన్న ప్రతి ఫంక్షన్ ఫ్రేమ్‌కూ అది దారం. ఫ్రేమ్ బతికి ఉంటే అందులోని లోకల్ వేరియబుల్స్ అన్నీ బతికి ఉంటాయి. మన మెయిల్ ఫంక్షన్‌లో ముడి బైట్లు, మెసేజ్, పీడీఎఫ్, కనెక్షన్ అన్నీ లోకల్సే. నేను దాచుకున్నది చిన్న తీగ అనుకున్నాను, దాని వెనకే డొంకంతా ఉంది.

భాష తయారుచేసినవాళ్లకు ఇది తెలుసు. ఎక్సెప్షన్‌ను పట్టుకునే ఎక్సెప్ట్ బ్లాకులో దానికి మనం పెట్టుకున్న పేరును ఆ బ్లాకు అయిపోగానే పైథాన్ తనంతట తాను చెరిపేస్తుంది, ఇలాంటి చిక్కులు రాకూడదనే. బ్లాకు బయట ఆ పేరు వాడబోతే ఎర్రర్ వచ్చి చిరాకు పడ్డవాళ్లం చాలామందిమే ఉంటాం. ఆ జాగ్రత్తను నేను జాబితాలో చేర్చి దాటేశాను.

నిర్ధారణకు చిన్న ప్రయోగం: అదే పీడీఎఫ్‌తో ఆ ఫంక్షన్‌ను వందసార్లు పిలిచాను. ఎక్సెప్షన్‌ను దాస్తే 560 ఎంబీ దాకా పెరిగింది. ఎక్సెప్షన్‌ను అక్షరాలుగా మార్చి దాస్తే గీత కదలలేదు.

మార్చినవి

మొదటిది తెలిసిందే. జాబితాలో ఇప్పుడు ఎక్సెప్షన్ ఉండదు. దాని రకం పేరు, సందేశం, ట్రేస్‌బ్యాక్ మాడ్యూల్‌తో అక్షరాలుగా అచ్చువేయించిన పాఠం ఉంటాయి. కొన్ని కేబీలు. ఎక్సెప్షన్ వస్తువే కావాలనుకునేవాళ్లు క్లియర్-ఫ్రేమ్స్ అనే ఫంక్షన్‌తో ఫ్రేముల్లోని లోకల్స్‌ను ఖాళీ చేయవచ్చు. నాకది అవసరం పడలేదు. ఒక మెయిల్‌కు ఒకే ఎంట్రీ, ఎన్నిసార్లు విఫలమైందో పక్కన అంకె.

దీంతో లీక్ ఆగిపోయింది. అయినా అసలు తప్పు ఇంకొకటి అనిపించింది, అదే నన్ను ఎక్కువ ఆలోచింపజేసింది. తాళం వేసిన పీడీఎఫ్‌ను పది నిమిషాలకోసారి ఎందుకు తెరవాలి? వందోసారి మాత్రం తెరుచుకుంటుందా? నెట్ తెగడం, సర్వర్ పలకకపోవడం తాత్కాలికం, వాటికి మళ్లీ ప్రయత్నం ఉండాలి. పాస్‌వర్డ్ లేకపోవడం తాత్కాలికం కాదు. ఇప్పుడు డీక్రిప్ట్ ఎర్రర్ వస్తే ఆ మెయిల్ మొదటిసారే 'పాస్‌వర్డ్ కావాలి' అనే ఫోల్డర్‌కు వెళ్తుంది. మిగతా ఏ తప్పు అయినా మూడు ప్రయత్నాల తర్వాత 'చూడాలి' అనే ఫోల్డర్‌కు.

సెషన్ మూసే పని ఇప్పుడు ఎర్రర్ వచ్చినా రాకపోయినా నడిచే ఫైనల్లీ బ్లాకులో ఉంది, అక్కడ కూడా ఒక మెలిక. లాగౌట్ అంటే సర్వర్‌కు కమాండ్ పంపడం. అప్పటికే తెగిన కనెక్షన్ మీద ఆ కమాండే ఎక్సెప్షన్ విసిరేస్తుంది, సాకెట్ మూసే లైను దాకా వెళ్లదు. కాబట్టి లాగౌట్ ప్రయత్నించి, అది విఫలమైనా కాకపోయినా షట్‌డౌన్ మెథడ్‌ను విడిగా పిలుస్తున్నాను. దాంతోపాటు కనెక్షన్‌కు టైమ్‌అవుట్ ఇచ్చాను. పైథాన్ 3.9 నుంచి ఐమాప్‌లిబ్‌లో ఆ ఆప్షన్ ఉంది, నేనే వాడలేదు.

మెయిల్ మొత్తం దించడం కూడా మానేశాను. ముందు మెయిల్ నిర్మాణం మాత్రం అడిగి, పీడీఎఫ్ ఏ భాగంలో ఉందో చూసి ఆ భాగాన్నే పీక్‌తో దించుతుంది. సంతకాల కింద ఉండే కంపెనీ లోగోలు, పండగ శుభాకాంక్షల బొమ్మలు ఇక రావు.

స్క్రిప్టును నడిపే సిస్టండీ (లైనక్స్‌లో సర్వీసులను చూసుకునేది) సర్వీసులో మెమరీ పరిమితి 400 ఎంబీ, చస్తే దానంతట అదే లేచేలా రీస్టార్ట్ పెట్టాను. ఇది మందు కాదు, రేపు నేనే ఇంకో తప్పు చేస్తే పక్కనున్న డేటాబేస్ జోలికి పోకుండా గోడ. రీస్టార్ట్ అయితే నాకు మెయిల్ వస్తుంది, లేకపోతే గోడ చాటున లీక్ మళ్లీ ఏడాది దాక్కుంటుంది.

టెస్టుల్లో ఒకటి కొత్తగా చేరింది. తాళం వేసిన పీడీఎఫ్‌తో ఫంక్షన్‌ను నడిపి, మెసేజ్‌కు ఒక వీక్ రెఫరెన్స్ (వస్తువును చూపిస్తుందే తప్ప బతికించి ఉంచనిది) పెట్టుకుని, ఫంక్షన్ తిరిగొచ్చాక అది చచ్చిందా లేదా అని చూస్తుంది. చావకపోతే టెస్టు ఫెయిల్. మెమరీ అంకెలతో పోల్చే టెస్టు కంటే ఇది నాకు నచ్చింది. మెషీన్ మారినా అంకెలు మారినా దీని జవాబు ఒకటే.

తర్వాత

రెండు నెలల ముగింపులు గడిచాయి. ప్రాసెస్ 75 నుంచి 110 ఎంబీ మధ్య తిరుగుతోంది. ఒకరోజు భారీ స్కాన్ ఒకటి వచ్చి 140కి వెళ్లి 120 దగ్గర నిలబడింది. 120 నుంచి ఎందుకు దిగలేదని మళ్లీ టెన్షన్ పడలేదు. పాత కోడులో కూడా శనివారం జాబితా ఖాళీ అయ్యాక మెమరీ 70కి దిగేది కాదు, 400 దగ్గర ఆగేది. లైనక్స్‌లో మెమరీ పంచే జీలిబ్‌సీ ఒక పెద్ద ముక్కను మొదటిసారి విడుదల చేశాక, తర్వాత ఆ సైజు వరకు ముక్కలను నేరుగా కర్నెల్ నుంచి కాక తన సొంత కుప్పలోంచి ఇవ్వడం మొదలుపెడుతుంది. కుప్ప చివర చిన్న వస్తువు ఒకటి కూర్చున్నా దాని కిందున్న ఖాళీ కర్నెల్‌కు తిరిగి వెళ్లదు. పైథాన్ వదిలేసింది, మెషీన్‌కు ఇంకా చేరలేదు, అంతే. ఆ ఖాళీ తర్వాతి మెయిల్‌కు పనికొస్తుంది. ఎక్కి నిలబడటం వేరు, ఎక్కుతూనే ఉండటం వేరు. మొదటిదాన్ని కూడా లీక్ అనుకుంటే జీవితకాలం వెతకాల్సిందే. మరీ ఇబ్బందిగా ఉంటే ఆ పరిమితి సైజును ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌తో బిగించవచ్చు. ఇక్కడ నేను ముట్టుకోలేదు.

క్లోజ్-వెయిట్ సాకెట్లు సున్నా. నూప్ తాలూకు ఎగ్జిస్ట్స్ జాబితాను ఇప్పుడు రోజూ ఒకసారి ఖాళీ చేస్తున్నాను, రెండు కేబీల కోసం. ఒక రాత్రి నిద్ర దానికి పోయింది కాబట్టి.

అకౌంటెంట్ గారికి కొత్త ఫోల్డర్ బాగా నచ్చింది, పొద్దున రాగానే మొదట అదే తెరుస్తున్నారట. మొన్న ఫోన్ చేసి, "ఆ పాస్‌వర్డ్‌లన్నీ ఒక ఎక్సెల్ షీటులో రాసిస్తానండీ, మీ స్క్రిప్టే కొట్టుకుని తెరిచేసుకుంటుంది కదా" అన్నారు. వాటిలో సగం పాన్ నంబర్లు, పుట్టిన తేదీలు. షీటు మాత్రం పంపొద్దని చెప్పాను. ఎలా దాచాలో ఇంకా తేల్చలేదు.